క్విరిన్ అడిగిన రొట్టె

బ్రెమ్లర్ వాళ్లింట్లో సుద్దముక్క ఎవరి జేబులో ఉంటే, వైను గురించి ఆఖరి మాట వాళ్లదే. నేలమాళిగలో వరసగా పడుకున్న పీపాల ముఖాల మీద ఏటా వసంతంలో ఆ సుద్దతో గుర్తులు పడతాయి. నిలువు గీత పడిన పీపా సీసాలకెక్కి, ఇంటి పేరు పెట్టుకుని లోకంలోకి వెళ్తుంది. సున్నా పడినది ఇంకొన్నాళ్లు ఆగుతుంది. ఇంటూ పడినది పేరూ ఊరూ లేకుండా టోకు వర్తకుడి ట్యాంకరులో కలిసిపోతుంది. ఇంటూ పడగా చూసినవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

కొన్నేళ్లుగా ఆ సుద్ద కోడలు రీకె దగ్గర ఉంటోంది. ఇచ్చినవాడు మామగారు ఎవాల్ట్. వయసుతోపాటు ముక్కు మొద్దుబారుతోందని తనంతట తానే తెలుసుకుని, ఒక మధ్యాహ్నం భోజనాల బల్ల మీద, ఉప్పుగిన్నెకూ ఆవాల ముద్ద సీసాకూ మధ్యగా, ఆ తెల్లటి ముక్కను వేలితో కోడలి వైపు తోశాడు. ఆమె తీసి జేబులో వేసుకుంది. ఆ ఇంట్లో పట్టాభిషేకమంటే అంతే. కొడుకు యోర్గ్ నొచ్చుకోలేదు. అతని బలమంతా కాళ్లలో ఉంది. గోడలా నిటారుగా లేచిన పలకరాతి వాలు మీద పొద్దస్తమానమూ నిలబడి ద్రాక్షతీగలు కట్టగలడు గాని, ఎండుగడ్డికీ ఎండుచేపకూ వాసనలో తేడా చెప్పమంటే ఆలోచనలో పడతాడు.

ఆ ఇంటి వైనుకు ఒక పేరుంది. షీఫర్‌బాఖ్ లోయలో వేసవి పొట్టిది, ఎండ పలచనిది. అక్కడ రీస్లింగ్ ద్రాక్ష పండీ పండనట్టు పండుతుంది, ఆ పులుపులోంచే పరిమళమంతా పుడుతుంది. మిగతా ఇళ్లలో వైను గ్లాసులో పడీ పడకముందే కబుర్లు మొదలుపెడుతుంది. పచ్చి ఆపిల్ అంటుంది, పీచు పండంటుంది, వానకు తడిసిన రాయంటుంది. బ్రెమ్లర్ వైను పెదవి విప్పదు. "మా వైను మాటకారి కాదు," అని ఎవాల్ట్ వచ్చినవాళ్లకు చెప్పేవాడు, పెద్దింటి పిల్ల గురించి చెప్పినట్టు. పాత ఖాతాదారులు గంభీరంగా తలలూపేవాళ్లు. కొత్తవాళ్లూ తలలూపేవాళ్లు, ఊపి, వీధి దాటి, ఎదురింటి క్విరిన్ హాస్ గుమ్మంలో దూరి, పెట్టెల కొద్దీ కొనుక్కుని పోయేవాళ్లు. వాళ్లకు కబుర్లు కావాలి కాబోలునని ఎవాల్ట్ సరిపెట్టుకునేవాడు.

కిందటి శరత్తులో, ద్రాక్షకోత ఆఖరి రోజున, రీకెకు జ్వరం వచ్చింది.

ఆ రోజు కోసింది పిల్లిమెట్ల ద్రాక్ష. ఇంటి తోటల్లో అన్నిటికంటే ఎత్తున ఉన్నదీ, అన్నిటికంటే ఆలస్యంగా పండేదీ పిల్లిమెట్లు అనే ఆ వాలే. పిండిన రసం పీపా నిండగా కొంత మిగిలింది. అలా మిగిలినదాన్ని పెద్ద గాజుబుడ్డిలో పోసి నేలమాళిగలోకి దింపడం ఏటా రీకె పని; పీపాలు చలికాలంలో తరిగిన మేరకు ఆ బుడ్డిలోంచే నింపుతారు. ఆమె రసం పోసింది. లోపలి గాలిని పోనిచ్చి బయటి గాలిని రానివ్వని బిరడా బిగించింది. బుడ్డిని బట్టలుతికే గదిలో గోడవార పెట్టి, ఒక్క క్షణం నడుం వాలుద్దామని బల్ల మీద కూర్చుంది. లేవలేకపోయింది. యోర్గ్ మోసుకుపోయి పడుకోబెట్టాడు. బుడ్డి సంగతి అందరూ మరిచిపోయారు. చలికాలంలో పీపాలను అతను నిరుటి సీసాలతో నింపుకొచ్చాడు.

జ్వరం త్వరగానే పోయింది. పోతూ పోతూ వాసనలన్నిటినీ మూటగట్టుకుని పోయింది. సబ్బుకు వాసన లేదు, ఉల్లిపాయకు లేదు, భర్త చొక్కాకు లేదు. రీకె అద్దం ముందు నిలబడి తన ముక్కును పరాయివాళ్ల వస్తువును చూసినట్టు చూసుకుంది.

"ఆ సుద్ద ఇలా ఇవ్వమ్మా," అన్నాడు ఎవాల్ట్ ఒకరోజు. గొంతులో కోపం లేదు. "నయమయ్యేదాకా నా దగ్గరుంటుంది. ఎక్కడికీ పోదు."

"మీ ముక్కుకే వాసన అందటం లేదని కదా మావయ్యా నాకిచ్చారు?"

"నాది ముసలితనం, నీది జబ్బు. ముసలి ముక్కు అబద్ధం చెప్పదు. ఊరికే నిద్రపోతుంది."

రీకె సుద్ద ఇచ్చేసింది. జబ్బు ముక్కు మాత్రం అబద్ధం చెప్తుందని చలికాలంలో తేలింది. వాసనలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి గాని, వేషాలు మార్చుకుని వచ్చాయి. కాఫీ కాలిన రబ్బరుగా వచ్చింది. గులాబీ సబ్బు చేపల బుట్టగా వచ్చింది. అత్తగారు రోజ్‌విటాకు ఇది పొద్దుటిపూట వినోదమైంది. కప్పు బల్ల మీద పెడుతూ అడిగేది:

"ఏమే రీకె, ఇవాళ నా కాఫీ టైరా, ట్యూబా?"

"ట్యూబు, అత్తయ్యా."

"పర్లేదు, దార్లో పడ్డాం. నిన్న లారీ టైరన్నావు."

మంచు కరిగే వేళకు కాఫీ కాఫీ అయింది. సబ్బు సబ్బయింది. రీకె కళ్లకు గంతలు కట్టుకుని కూర్చుంటే రోజ్‌విటా వంటింటి సీసాలన్నీ ఒక్కొక్కటిగా ముక్కు కింద పెట్టేది: లవంగం, వెనిగర్, సీమ జీలకర్ర, యోర్గ్ బూట్ల పాలిష్. ఒకనాడు రీకె ఒక్కటీ తప్పకుండా చెప్పింది. రోజ్‌విటా వాకిట్లోకి వెళ్లి, ట్రాక్టరు కింద పడుకుని ఏదో బిగిస్తున్న ఎవాల్ట్‌ను కాలితో తట్టి, సంగతి చెప్పింది.

"మంచిది," అన్నాడు ట్రాక్టరు కిందనుంచి. "ఈస్టర్ తర్వాత శనివారం పీపాల దగ్గర చూద్దాం. క్విరిన్ కూడా వస్తాడుగా, అందరి ముందూ చెప్పనీ. సరిగ్గా చెప్తే సుద్ద తనదే."

మొదటి రుచికి పొరుగువాణ్ణి పిలవడం ఆ లోయలో వాడుక. వీళ్ల పీపాల దగ్గరికి క్విరిన్ వస్తాడు, క్విరిన్ పీపాల దగ్గరికి వీళ్లు వెళ్తారు. ఇంటివాళ్ల నాలుక ఇంటి వైను పక్షం వహిస్తుందని ఎవరికైనా అనుమానం ఉంటుంది కదా.

శనివారం ఇంకా దూరంలో ఉండగా, రీకె కోత తర్వాత మొదటిసారి నేలమాళిగలోకి దిగింది. ఎవాల్ట్‌కు ఆ చోటంటే గర్వం. గోడలకు ఏటా సున్నం. దూలాలూ పీపాల కింది దిమ్మలూ తళతళలాడేవి. పెద్ద వరదొచ్చిన ఏడు నది ఆ మెట్లన్నీ దిగి కమాను దాకా నిండింది. నీళ్లు తీశాక బురదా బూజూ మిగిలాయి. అప్పుడు ఎవాల్ట్ బకెట్లతో బ్లీచింగ్ నీళ్లు మోసి, కర్ర కనబడినచోటల్లా బ్రష్షు పెట్టి తోమాడు. ఆ తర్వాత ప్రతి వసంతంలోనూ తోముతూ వచ్చాడు. ఊళ్లో అంత శుభ్రమైన నేలమాళిగ ఇంకొకటి లేదు.

రీకె చివరి మెట్టు మీద ఆగిపోయింది. తడిసి, ఆరకుండా మూల పడేసిన అట్టపెట్టె వాసన. పలచగా, అంతటా సమంగా, ఏ వైపు తిరిగినా అదే. గాజుగొట్టంతో పిల్లిమెట్ల పీపాలోంచి కొద్దిగా తీసి నోట్లో పోసుకుంది. పులుపు ఉంది, బిగువు ఉంది, ఆ వెనుక తెర దించినట్టుంది. ఆ తెర అట్టపెట్టెది.

పైకి వచ్చింది. వంటింట్లో సీమ జీలకర్ర సీమ జీలకర్రలాగే ఉంది. మళ్లీ దిగింది. మళ్లీ అట్టపెట్టె. జబ్బు పోతూ పోతూ ఒక్క అబద్ధాన్ని మాత్రం ఇక్కడ దాచిపెట్టి పోయిందనుకుంది. ఆమె మొదట అనుకున్నది అదే. దూలాల మీద అనుమానం రాలేదు, తన మీదే వచ్చింది.

ఆ సాయంత్రం యోర్గ్‌ను దింపి అడిగింది. అతను పీపాల మధ్య నిలబడి చిత్తశుద్ధితో ఊపిరి పీల్చాడు.

"నాకేం రావట్లేదే."

"నీకెప్పుడొచ్చింది కనక?"

"అదీ నిజమే," అని పైకి పోయాడు.

గాజుబుడ్డి బయటపడింది రోజ్‌విటా అరుపు వల్ల. "దీన్నెవరైనా అవతల పెట్టండ్రా! బట్టలుతికే గది అనుకున్నారా, సారా దుకాణం అనుకున్నారా? చలికాలమంతా దీని చుట్టూ తిరిగి దుప్పట్లు పిండాను." బుడ్డి గోడవార అలాగే ఉంది. లోపల రసం తన పాటికి తాను పులిసి, మడ్డి అడుక్కు దిగి, పైన లేత ఆకుపచ్చ బంగారంగా తేరుకుంది. సబ్బు వాసన పట్టిందేమోనని రీకె భయపడుతూ గ్లాసులో కొంచెం తీసింది.

సబ్బు లేదు. ముందు నిమ్మతొక్క వచ్చింది, దాని వెనుక పీచు పండు, దాని వెనుక వాన పడి వెలిసిన పలకరాతి వాలు, దాని వెనుక ఆమెకు పేరు తెలియని పచ్చటిదేదో. ఒకటి ముగిసే చోట ఇంకొకటి అందుకుంటూ, గుక్క మింగాక కూడా చాలాసేపు ఆగకుండా వచ్చాయి. పిల్లిమెట్ల రసమే. అదే రోజు, అదే గానుగ. నేలమాళిగ గడప తొక్కలేదు, అంతే తేడా.

రోజ్‌విటాకు రెండు గ్లాసులు ఇచ్చింది, పీపాలోది ఒకటి, బుడ్డిలోది ఒకటి. రోజ్‌విటా రెండూ తాగి మూతి తుడుచుకుంది.

"నాకు రెండూ పుల్లగానే ఉన్నాయే. నన్నడక్కు, నేను బీరు ఊరి దాన్ని."

తర్వాత రెండు వారాలపాటు రీకె ఆ రెండు వాసనల మధ్య తిరిగింది. కనబడుతున్నది ఒకటే దారి. శనివారం నాడు చెప్పవలసిన మాటలు ఆమెకు కంఠతా వచ్చు. ఒడ్డుతోట వైను బిగువైనది, పాదిరిగడ్డ వైను లోతైనది, పిల్లిమెట్ల వైను ఓపిక పట్టవలసినది. మామగారు ఏళ్ల తరబడి అన్న మాటలు, తానూ అన్న మాటలు. అవే అంటే సుద్ద చేతికి వస్తుంది. అట్టపెట్టె అంటే, ముక్కు ఇంకా చెడే ఉందని అందరూ జాలిపడతారు. ఆ జాలి నుంచి సుద్ద ఇక ఎన్నటికీ తిరిగి రాదు. ఒకవేళ ముక్కు చెడి ఉండడమే నిజమైతే, జాలిపడడమూ న్యాయమే.

ఇంకో ముక్కు కావాలి. వీధి దాటి ఎదురింటికి వెళ్లింది.

క్విరిన్ తన నేలమాళిగలో పీపా మీద వాలి, ఎవరికో పోసినంత మర్యాదగా తనకు తాను పోసుకుంటున్నాడు. ఆమెకూ ఒక గ్లాసు పోశాడు. వైను గలగలా మాట్లాడింది. రీకె అటూ ఇటూ చూసింది. బల్ల మీద గ్లాసులున్నాయి, రుచి చూసి ఉమ్మే బకెట్ ఉంది. నోటికి అంటుకున్న రుచిని తుడిచేసే రొట్టె మాత్రం లేదు.

"రొట్టె లేదా క్విరిన్ మావా?"

"రొట్టెందుకు? నా వైను తాగుతూ రొట్టె నమిలే ఖర్మేంటి నాకు?" అన్నాడు. అని, గ్లాసు వైపు చూసుకున్నాడు.

"మా ఇంట్లో రెండో గ్లాసుకే అడుగుతారుగా."

"మీ అత్త రొట్టె బాగా కాలుస్తుంది."

"క్విరిన్ మావా."

అతను గ్లాసును గుడ్డతో తుడవసాగాడు, అది తడిగా లేకపోయినా. "చూడమ్మాయ్. ఈ లోయలో ఒకళ్ల నేలమాళిగలో నిలబడి వాళ్ల వైనుని ఇంకొకళ్లు తప్పుపట్టరు. మా నాన్న పట్టలా. నేనూ పట్టను."

"ఇది మా నేలమాళిగ కాదుగా. మీది."

"ఇక్కడ మీ వైను లేదుగా," అన్నాడు. "లేనిదాని గురించి మాట్లాడితే చాడీలంటారు."

ఇంతకుమించి రాలదని ఆమెకు అర్థమైంది. తన గ్లాసు పూర్తిచేసి, కృతజ్ఞతలు చెప్పి వచ్చేసింది.

శనివారం పొద్దున రోజ్‌విటా క్విరిన్ కోసం పెద్ద రొట్టె కాల్చింది. సీమ జీలకర్ర వేసిన రై రొట్టె. అతనికి అదే ఇష్టమని ఏళ్లుగా పరిమాణం పెంచుకుంటూ వస్తోంది. నేలమాళిగలో రెండు ఖాళీ పీపాల మీద పలక వేసి గ్లాసులు పేర్చారు. రొట్టె బుట్ట మధ్యలో పెట్టారు. ఎవాల్ట్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులో సుద్ద ఉబ్బుగా కనబడుతోంది.

ఒడ్డుతోట పోశాడు. పాదిరిగడ్డ పోశాడు. క్విరిన్ రెండు గుక్కలు పుక్కిలించి, బకెట్‌లో ఉమ్మి, రొట్టె ముక్క విరుచుకున్నాడు. ఎవాల్ట్ పిల్లిమెట్లు పోశాడు. గాజుగొట్టాన్ని పక్కన పెట్టి, రెండు చేతులూ పలక మీద ఆనించాడు.

"చెప్పమ్మా."

"చెప్పేముందు ఇంకో గ్లాసు పోస్తాను మావయ్యా," అంది రీకె. మెట్ల కింద పెట్టిన కూజా తెచ్చి అందరికీ తలో గుక్కెడు పోసింది.

ఎవాల్ట్ గ్లాసు తిప్పాడు, తాగాడు, కనుబొమలు పైకి పోయాయి.

"ఒరేయ్ క్విరిన్! నీ వైనుని నా ఇంట్లోకి దొంగతనంగా తెచ్చావట్రా?"

"నాది కాదురా," అన్నాడు క్విరిన్. గ్లాసును వెలుతురుకేసి ఎత్తి చూశాడు. "నాదైతే బాగుండు."

"ఎవడిదైతేనేం, ఒకటే వాగుడు. ఊపిరి తిప్పుకోనివ్వట్లేదు." అంటూనే రెండో గుక్క తాగాడు. ఆ సంగతి రీకె చూసింది.

"పిల్లిమెట్లు, మావయ్యా. మనదే. పీపాలో పట్టక మిగిలిన రసం. నేను జ్వరంతో పడ్డాక బట్టలుతికే గదిలోనే ఉండిపోయింది. ఇక్కడికి దిగలేదు." ఆమె పీపాల వైపు చేయి చూపింది. "ఇక్కడికి దిగినవాటన్నిటికీ తడిసిన అట్టపెట్టె వాసన వస్తోంది. మూడింటికీ. పీపాలది కాదు, ఈ గదిదే."

పీపా కుళాయి నుంచి ఒక చుక్క పడింది.

"నీ ముక్కింకా కుదుటపడలేదమ్మా," అన్నాడు ఎవాల్ట్. కఠినంగా అనలేదు, అదే కష్టంగా ఉంది. "తొందరపెట్టాను. తప్పు నాదే. ఇంకో ఏడాది చూద్దాం."

"పోనీలే పిల్లా," అంది రోజ్‌విటా. "వస్తుందిలే. టైరు పోయింది, ట్యూబు పోయింది, ఇదీ పోతుంది."

యోర్గ్ తన బూట్ల కేసి చూసుకుంటున్నాడు. క్విరిన్ రొట్టె బుట్ట వైపు చేయి చాచాడు.

రీకె బుట్టను తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఈసారి రొట్టె లేదు క్విరిన్ మావా."

"ఇదేం మర్యాదే!" రోజ్‌విటా లేచి నిలబడింది. "చీకట్నే లేచి కాల్చాను. ఇంటికొచ్చిన మనిషి నోటి దగ్గర..."

క్విరిన్ చాచిన చేయి పలక మీద అలాగే ఉంది. అతను ఎవాల్ట్‌ను చూశాడు, రీకెను చూశాడు, తన చేతిని చూసుకున్నాడు. తర్వాత పీపాలోంచి తీసిన పిల్లిమెట్ల గ్లాసును ఒక చేత్తో, బుడ్డిలోంచి వచ్చిన గ్లాసును ఇంకో చేత్తో పట్టుకుని, మెట్లెక్కసాగాడు.

"ఎక్కడికిరా?"

"బయటికి. నువ్వూ రా."

అందరూ వెనకే ఎక్కారు. వాకిట్లో చలిగాలి, పల్చటి ఎండ, ఆపిల్‌చెట్టు మొగ్గలు విడుతున్నాయి. క్విరిన్ గుమ్మానికి కొంత దూరంలో, ట్రాక్టరు పక్కన నిలబడ్డాడు. గుమ్మం కేసి ఒకసారి తిరిగి చూసి కొలుచుకున్నాడు.

"ఇప్పుడు నేను నీ నేలమాళిగలో లేను కదా?"

"లేవు."

"వాకిట్లో ఉన్నాను."

"ఉన్నావురా బాబూ, చెప్పి చావు."

"వరద తర్వాత కొన్నాళ్లకి మొదలైంది," అన్నాడు క్విరిన్. "మొదట ఒక్క పీపా అనుకున్నా. మరుసటి ఏడు అన్నీ అలాగే ఉన్నాయి. నీ వైను తప్పు కాదెవాల్ట్. మంచి వైనే. మాట్లాడబోతుంటే ఎవరో మొహమ్మీద దిండు పెట్టి నొక్కినట్టుంటుంది. ఇదిగో ఇది," కుడిచేతి గ్లాసు ఎత్తాడు, "దిండు కింద ఉంది. ఇది దిండు లేకుండా ఉంది. అమ్మాయి ముక్కు నీ ముక్కు కన్నా, నా ముక్కు కన్నా సరిగ్గా ఉంది."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఇన్నేళ్లూ రొట్టె అడిగాగా! పొరుగువాడు రొట్టె మీద పడ్డాడంటే నువ్వే కనుక్కుంటావనుకున్నా. నువ్వేమో మీ ఆవిడ చేత ఇంకా పెద్ద రొట్టె కాల్పించావు."

రోజ్‌విటా ఫక్కున నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. "అయితే నా రొట్టె నీకిష్టం లేదన్నమాట."

"రొట్టె ప్రాణం, రోజ్‌విటా. ఆ సంగతి వేరే."

ఎవాల్ట్ నవ్వలేదు. "ఊళ్లోకెల్లా శుభ్రమైన నేలమాళిగరా నాది," అన్నాడు, ఎవరినీ చూడకుండా. "నా చేత్తో తోమాను."

చెప్పవలసినది ఇంకొకటి ఉంది, అది చెప్పడమే రీకెకు అన్నిటికంటే కష్టమైంది. "తోమినందుకే మావయ్యా. కర్రకి బ్లీచింగ్ తగిలి, ఆ మీద బూజు పడితే ఈ వాసన పుడుతుంది. తోమేకొద్దీ పెరుగుతుంది. అప్పట్లో ఎవరికీ తెలీదు. మాకు వైను కాలేజీలో చెప్పారు. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకూ తగిలింది ఇక్కడ, ఏదో వాసన. ఈ ఇంటి పద్ధతేమో అనుకున్నా. కొన్నాళ్లకి అలవాటై తగలడం మానేసింది. జ్వరం రాకపోతే నాకూ తెలిసేది కాదు."

ఎవాల్ట్ గుమ్మం దాటి ఒక్కడే మెట్లు దిగాడు. లోపల అడుగుల చప్పుడు వినబడింది, తర్వాత వినబడలేదు. తిరిగి వచ్చేటప్పుడు కుడి అరచేతిని తెరిచి, నీళ్లు ఒలకకుండా తెస్తున్నట్టు తెచ్చాడు. దూలానికి రుద్దిన అరచెయ్యి. బయటి గాలిలో నిలబడి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు పెట్టుకున్నాడు.

"నాకేమీ రావట్లేదు."

అరచేతిని రీకె ముందుకు చాపాడు. ఆమె వంగి వాసన చూసి తలూపింది. క్విరిన్ ముందుకు చాపాడు. క్విరిన్ చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎవాల్ట్ తన చేతిని తానే మళ్లీ ఒకసారి చూసుకున్నాడు. గీతలూ, కాయలూ, పాతకాలపు కత్తిగాట్లూ తప్ప అందులో ఏమీ లేదు.

"నాకు రాదు," అన్నాడు. "మీ ఇద్దరికీ వస్తోంది." ఆ రెండు మాటల మధ్య అతను దాటవలసిన దూరం చాలానే ఉంది. దాటాడు. చేతిని ప్యాంటుకు తుడుచుకుని క్విరిన్ వైపు తిరిగాడు.

"ఈ శరత్తుకి నీ నేలమాళిగలో నా పీపాలకి చోటుంటుందా?"

"కొత్త పీపాలైతే ఉంటుంది. నీ పాతవాటిని గడప తొక్కనివ్వను."

"సరే."

"రోజూ రొట్టె పంపాలి."

"ఇప్పుడెందుకురా రొట్టె?"

"అద్దె," అన్నాడు క్విరిన్.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బంగాళాదుంపలు చల్లారాయి. దూలాలు తీయించాలి, దిమ్మలు తీయించాలి, సున్నం గీకించాలి. ఈ ఏడు ఇంటి పేరుతో గుమ్మం దాటగలిగేది గోడవార ఉన్న ఆ ఒక్క గాజుబుడ్డి. ఆ లెక్క అందరి మనసుల్లోనూ నడుస్తోంది. ఎవాల్ట్ ప్లేటు పక్కకు నెట్టాడు. జేబులోంచి సుద్ద తీసి, ఉప్పుగిన్నెకూ ఆవాల ముద్ద సీసాకూ మధ్యగా వేలితో తోశాడు.

"పద," అన్నాడు. "ఇవాళే అయిపోనీ."

ఇద్దరూ దిగారు. అతను దీపం పట్టుకున్నాడు. ఒడ్డుతోట పీపా మీద రీకె ఇంటూ పెట్టింది. పాదిరిగడ్డ మీద పెట్టింది. పిల్లిమెట్ల పీపా ముందు ఆగింది. ఆ పీపా పైఅంచున ఎవాల్ట్ పెళ్లినాటి తేదీ చెక్కి ఉంది, ఆ పక్కన చిన్న ద్రాక్షగుత్తి. సుద్ద చెక్కకు ఆనింది గాని కదలలేదు.

"గియ్యి," అన్నాడు ఎవాల్ట్ వెనకనుంచి. "సన్నగా గియ్యకు. లారీవాడికి కనపడాలి."

గీసింది. ఒక మూల నుంచి ఇంకో మూలకు, మళ్లీ ఆ మూల నుంచి ఈ మూలకు. సుద్దపొడి ద్రాక్షగుత్తి మీద రాలింది. పని అయిపోయాక, అలవాటు కొద్దీ, ఆమె వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏమొస్తోంది?" అనడిగాడు.

"సుద్ద."

ఎవాల్ట్ దీపం కింద పెట్టి, వంగి, ఆమె వేళ్ల దగ్గర ఊపిరి పీల్చాడు. ఒకసారి కాదు, ఇంకోసారి కూడా.

"అవును," అన్నాడు. "అది నాకూ వస్తోంది."